మూర్ఛ బిళ్లకు లిఫ్టు ఉత్తర్వు

ఈ సభకు అధ్యక్షత వహించిన ఆరోగ్య పథకం చెల్లింపుల విభాగం డైరెక్టరు గారికి, ఆయన పక్కన కూర్చుని ఇందాకటినుంచి గడియారం చూసుకుంటున్న మా మందుల దుకాణదారుల సంఘం కార్యదర్శి గారికి, వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న తోటి దుకాణదారులకు, వెనక గోడ వారగా నిలబడిన నా పేషెంట్లకు (వాళ్లను సంఘం పిలవలేదు, నేనే రమ్మన్నాను, అందుకే కుర్చీలు చాలలేదు) అందరికీ నమస్కారం.

పది నిమిషాల్లో ముగించమని కార్యదర్శి గారు ఇందాక నా చెవిలో చెప్పారు. నాకు ఆ చెవి సరిగ్గా వినపడదు. (నవ్వులు)

డైరెక్టరు గారు తమ ప్రసంగంలో నన్ను పథకానికి మూలస్తంభం అన్నారు. సంతోషం. స్తంభమంటే ఏమిటి? పాతినచోటినుంచి కదలదు, మీద ఎంత బరువు పెట్టినా నోరెత్తదు. ఆ రెండూ నాకు చేతకాలేదని డైరెక్టరు గారికి తెలిసినంత బాగా ఈ హాల్లో ఇంకెవరికీ తెలియదు. అయినా వీడ్కోలు సభ కాబట్టి అలా అన్నారు. వెళ్లిపోయేవాళ్లను పొగిడితే పథకం చెల్లించాల్సిందేమీ ఉండదు, అందుకే ఆ విషయంలో పొదుపు పాటించరు.

పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా నా దుకాణం ముప్పై ఏళ్లకు పైగా నడిచింది. అందులో సగంకాలం మందులిచ్చాను, మిగతా సగం పథకం వాళ్లతో పోట్లాడాను. "నువ్వు మందుల షాపు పెట్టావా, కోర్టు పెట్టావా?" అని మా ఆయన అడిగేవారు. ముందు వరుసలో కళ్లు మూసుకుని శ్రద్ధగా వింటున్నట్టు కనిపిస్తున్న ఆ పెద్దమనిషే మా ఆయన. ఎవరైనా కాస్త లేపండి. (నవ్వులు)

పథకం సంగతి తెలియనివాళ్లు కూడా వచ్చారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఒక కార్డు ఇస్తుంది. ఆ కార్డు, డాక్టరు చీటీ పట్టుకొస్తే మేం మందు ఊరికే ఇస్తాం, తర్వాత పథకానికి బిల్లు పంపుతాం, వాళ్లు మాకు చెల్లిస్తారు. వినడానికి ఎంత బాగుందో చూశారా. మొదటి రోజుల్లో నిజంగానే అంత బాగుండేది. అప్పుడు నిబంధనల పుస్తకం నా అరచేతిలో పట్టేది. ఇప్పుడది దుకాణం తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డుపెట్టుకోవడానికి పనికొస్తోంది.

ఆ పుస్తకం లావెక్కుతున్న కాలంలో ఒక నిబంధన వచ్చింది. మేం దాన్ని చౌక నిబంధన అనేవాళ్లం. ఒకే మందును నాలుగు కంపెనీలు చేస్తుంటే, ఆ నెల ఎవరిది అన్నిటికన్నా చౌకో ఆ కంపెనీ సరుకే ఇవ్వాలి. వేరేది ఇస్తే చెల్లింపు లేదు. పదేపదే ఇస్తే దుకాణాన్ని పథకంలోంచి తీసేస్తారు. చాలా మందులకు ఇది సరైన పద్ధతే, ప్రజల సొమ్ము కంపెనీల పాలు కాకూడదు. ఆ మాట అప్పుడూ కాదనలేదు, ఇప్పుడూ కాదనను. కానీ జ్వరానికి, దగ్గుకు, మూర్ఛకు అన్నిటికీ ఒకే కొలబద్ద అన్నారు. మూర్ఛ మందు సంగతి వేరు. ఒక కంపెనీ బిళ్ల ఒంటికి పట్టి, రోగం అదుపులో ఉన్నవాళ్లలో కొందరికి, అందరికీ కాదు, కొందరికి, బిళ్ల మారితే ఆ అదుపు తప్పుతుంది. నరాల డాక్టర్లను ఎవరిని అడిగినా చెబుతారు. అడగలేదు. అడిగితే చెబుతారని భయం కాబోలు.

నా దగ్గరికొచ్చే మూర్ఛ పేషెంట్లలో ఒక లిఫ్టు ఆపరేటరు ఉండేవాడు. చెల్లింపుల విభాగం ఉండే ఏడంతస్తుల భవనంలోనే అతని ఉద్యోగం. పాతకాలపు లిఫ్టు, ఇనుప జాలీ తలుపు, చేత్తో తిప్పే పిడి. నన్ను అక్కా అని పిలిచేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. చిన్నప్పుడెప్పుడో మూర్ఛ వచ్చేదట. ఒకే కంపెనీ బిళ్ల వేసుకుంటూ పన్నెండేళ్లుగా ఒక్కసారి కూడా పడలేదు. ఆ ధైర్యంతోనే డాక్టరు ఉద్యోగానికి సర్టిఫికెట్ ఇచ్చింది, ఆ ధైర్యంతోనే పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు.

చౌక నిబంధన వచ్చాక మొదటి నెల తెల్ల బిళ్ల, రెండో నెల పసుపుది, మూడో నెల మళ్లీ వేరే తెల్లది. పెద్దాసుపత్రి నరాల డాక్టరమ్మ చీటీ మీద "కంపెనీ మార్చరాదు" అని ఎర్ర సిరాతో రాసింది. ఆ చీటీ పట్టుకుని నేను ఏడో అంతస్తుకు వెళ్లాను. తమ్ముడే లిఫ్టులో తీసుకెళ్లాడు.

"ఎందుకక్కా నా కోసం తిప్పలు? ఏం కాదులే," అన్నాడు.

"తల ఎలా ఉంటోంది?"

"పొద్దున లేవగానే కాస్త దిమ్ముగా ఉంటోంది. మా ఆవిడకు చెప్పకు."

పైన కూర్చున్న అధికారి చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు. "మందు ఒకటేగదమ్మా. పేరు మారితే ఏమవుతుంది?" అన్నారు.

"అయితే మీ కళ్లద్దాలు నాకివ్వండి సార్, నావి మీరు పెట్టుకోండి. రెండూ అద్దాలేగా," అన్నాను.

"అది వేరమ్మా," అన్నారు.

"ఎలా వేరో చెప్పండి, విని వెళ్తాను."

నిబంధన అందరికీ సమానమని, ఒక్కరి కోసం మారిస్తే రేపు అందరూ వస్తారని చెప్పి పంపించారు. అందరూ రావడానికేగా పథకం పెట్టింది అని అడుగుదామనుకునేలోపు ఆయన టీ తాగడానికి లేచారు. ఆ అధికారి ఎవరో మీరు ఊహించే ఉంటారు. అప్పుడాయన డిప్యూటీ డైరెక్టరు, ఇప్పుడు డైరెక్టరు. నవ్వండి సార్, ఫొటో తీస్తున్నారు. (నవ్వులు)

వారం తిరక్కుండా తమ్ముడు లిఫ్టులో పడిపోయాడు. లోపల నలుగురు ఆఫీసువాళ్లున్నారు. మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య లిఫ్టు ఆగిపోయింది, కింద ఇతను కొట్టుకుంటున్నాడు, నుదురు పిడికి తగిలి నెత్తురు. ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఒకాయన తాళాలు చేతిలో పెట్టబోయాడు, ఒకావిడ మాత్రం తన చేతిసంచి అతని తల కింద పెట్టింది. ఆవిడ అక్కడి టైపిస్టు. ఆ భవనంలో ఆ రోజు బుర్ర పనిచేసింది ఆవిడకొక్కర్తికే.

అతన్ని లిఫ్టు పని మాన్పించి కింద సైకిళ్ల షెడ్డు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆ పిడి తిప్పడం వచ్చిన మనిషి ఇంకొకడు లేడు. లిఫ్టుకు తాళం వేశారు. ఏడో అంతస్తు వాళ్లు మెట్లెక్కడం మొదలుపెట్టారు. వాళ్లలో అందరికన్నా పెద్ద అధికారికి, అంటే అప్పటి డైరెక్టరు గారికి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆయన అయిదో అంతస్తులో కిటికీ గట్టు మీద కూర్చుని రొప్పుతుంటే బంట్రోతు మంచినీళ్లు మోసుకెళ్లడం నేను కళ్లారా చూశాను. చీటీ పట్టుకుని రెండోసారి వెళ్లింది ఆ రోజే.

నేను రాసిన అర్జీలు మూలపడ్డాయి. డాక్టరమ్మ ఎర్ర సిరా ఎవరి కంటికీ ఆనలేదు. కానీ ఆ మోకాళ్లు మాట్లాడాయి. నెల దాటకుండా ఉత్తర్వు వచ్చింది. నాకది కంఠతా వచ్చు, వినండి: "మనుషులను నిలువుగా చేరవేయు యంత్రములను నడుపు వృత్తియందున్న మూర్ఛ రోగులకు మాత్రము, వైద్యుని సిఫార్సుపై, ఔషధపు కంపెనీ మార్పునుండి మినహాయింపు ఇవ్వడమైనది." (పెద్దగా నవ్వులు)

నవ్వుతారేం? అది అచ్చయిన ఉత్తర్వు. నిలువుగా చేరవేసేవాళ్లు మూర్ఛపోకూడదు. అడ్డంగా తిరిగేవాళ్లు, వంటచేసేవాళ్లు, పిల్లల్ని ఎత్తుకునేవాళ్లు, బడికెళ్లేవాళ్లు పడిపోతే పథకానికి అభ్యంతరం లేదు.

తమ్ముడికి పాత బిళ్ల మళ్లీ దొరికింది. కొన్ని నెలలు చూసి డాక్టరమ్మ సరేనన్నాక లిఫ్టు తాళం తీశారు. పైవాళ్లు తమ దయకు తామే మురిసిపోయారు. ఇక్కడితో కథ అయిపోయుంటే ఈ సభలో నేను కూడా రెండు మంచి మాటలు చెప్పి కూర్చునేదాన్ని.



ముందు వరుసలో మా ఆయన పక్కన ఒకమ్మాయి కూర్చుంది. ఎర్ర చున్నీ. ఆ రోజుల్లో బట్టల కార్ఖానాలో ఇస్త్రీ చేసేది. పందొమ్మిదేళ్లు. ఆమెదీ ఇదే జబ్బు, ఇదే మందు. వాళ్లమ్మ చీటీ తెస్తే నేను లిఫ్టు ఉత్తర్వు కింద బిల్లు పెట్టి చూశాను. "వృత్తి: ఇస్త్రీ. మినహాయింపు వర్తించదు" అని తిరిగొచ్చింది. ఆ నెల చౌక బిళ్లే ఇవ్వాల్సి వచ్చింది. వాళ్లమ్మకు మూడుసార్లు చెప్పాను, పొయ్యి దగ్గరికి పంపకండి, నీళ్ల దగ్గరికి ఒంటరిగా పంపకండి అని. "పనికి పంపకుండా ఎట్లాగమ్మా?" అంది వాళ్లమ్మ. ఆ ప్రశ్నకు నా దగ్గర మందు లేదు.

అమ్మాయి ఇస్త్రీ బల్ల మీద పడిపోయింది. కుడి చెయ్యి వేడి ఇస్త్రీపెట్టె కింద ఉండిపోయింది. పక్కవాళ్లు చూసి లాగేసరికి మోచేతి దాకా కాలిపోయింది.

ఇది చెప్పొచ్చా అని నిన్న ఆ అమ్మాయిని అడిగాను. "చెప్పండి పెద్దమ్మా. వాళ్లున్నప్పుడే చెప్పండి," అంది. అందుకే చెబుతున్నాను.

కాలిన గాయం వార్డునుంచి ఆ పిల్లను నరాల విభాగానికి తీసుకొచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. మా డాక్టరమ్మ సంగతి పాతవాళ్లకు తెలుసు. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది "నాలుక చూపించు". ఆ రోజు చీటీ రాస్తూ రాస్తూ ఆగింది.

"ఈ పిల్ల ఏం పని చేస్తుంది?"

"ఇస్త్రీ అమ్మా," అంది తల్లి.

"కాదు. లిఫ్టు నడుపుతుంది," అని చీటీ మీద రాసేసింది.

తల్లి బిత్తరపోయింది. "మా పిల్ల లిఫ్టు ఎక్కనేలేదమ్మా."

"ఇప్పుడెక్కింది. తర్వాతి పేషెంటును పంపించండి."

ఆ తర్వాతి పేషెంటు కూడా లిఫ్టు ఆపరేటరే. ఆ తర్వాతామె, చంకలో పసిపిల్లతో వచ్చినావిడ, ఆవిడా లిఫ్టు ఆపరేటరే. నేను అన్ని చీటీలకూ మందిచ్చాను, అన్నిటికీ బిల్లు పెట్టాను. ఏడాది తిరిగేసరికి మా ఊళ్లో లిఫ్టులకన్నా లిఫ్టు ఆపరేటర్లు ఎక్కువయ్యారు. (నవ్వులు, చప్పట్లు)

తనిఖీకి ఒక కుర్రాడు వచ్చాడు. మర్యాదస్థుడు. కౌంటరు ముందు నిలబడి చీటీలు చూస్తూ చెమట తుడుచుకున్నాడు.

"ఈ పేషెంటుకు ఎనభై ఏళ్లున్నాయి మేడమ్."

"అనుభవం ఉన్నవాడు."

"ఈ పాపకు ఆరేళ్లు."

"శిక్షణలో ఉంది బాబూ."

అతనికి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు, రిపోర్టు రాసుకుని వెళ్లాడు. ఆ ఏడాది బిల్లులన్నీ కోసేశారు. నా దుకాణాన్ని పథకంలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. డాక్టరమ్మకు వేరే నోటీసు. ఇంట్లో మా ఆయన ఆ కాగితం చదివి రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగారు. మూడో రోజు, "సరే, కోర్టే పెట్టావనుకుందాం. గెలువు," అన్నారు. ఇప్పుడు నిద్రపోతున్నారని ఇందాక వెక్కిరించాను గానీ, ఆ మాట అన్న మనిషి ఎన్ని సభల్లో నిద్రపోయినా నేనేమీ అనుకోను.

సాక్షులుగా రమ్మని సంఘంలో నలుగురిని అడిగాను. ఒకరికి దగ్గు, ఒకరికి బంధువుల ఇంట్లో పని, ఒకరు నీళ్లు నమిలారు. నాలుగో ఆయన ఫోనెత్తలేదు. ఇప్పుడు కూడా ఫోను వంకే చూసుకుంటున్నారు. (నవ్వులు)

విచారణకు బయటినుంచి ఒక రిటైర్డు జడ్జి గారిని వేశారు. పథకం తరఫున వాదించడానికి మన అధ్యక్షులవారే వచ్చారు. తప్పుడు చీటీలు, ప్రజాధనం, క్రమశిక్షణ అని చాలాసేపు మాట్లాడారు. బాగానే మాట్లాడారు. జడ్జి గారు అంతా విని ఉత్తర్వు చేతిలోకి తీసుకున్నారు.

"ఈ లిఫ్టు మాట ఎందుకు వచ్చింది?" అని అడిగారు.

"మానవతా దృక్పథంతో సార్."

"లిఫ్టు ఆపరేటర్ల మీదే ఎందుకొచ్చింది మీకు మానవత?"

మోకాళ్ల సంగతి చెప్పాలంటే పైవారి పరువు పోతుంది. చెప్పకపోతే ఉత్తర్వుకు అర్థం లేదు. ఆ ఏసీ గదిలో ఆయన రుమాలు తీసి మెడ తుడుచుకోవడం చూసి నాకు జాలి వేసిందని చెబితే అబద్ధమవుతుంది.

డాక్టరమ్మను పిలిచారు. తప్పు చీటీలు రాశారా అని అడిగారు. "రాశాను. తెలిసే రాశాను. వీళ్లు నిబంధన సరిగ్గా రాసేదాకా నేను చీటీ తప్పుగానే రాస్తాను," అంది. నాకు తెలిసి ఆవిడ జీవితంలో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి.

తర్వాత ఇస్త్రీ అమ్మాయిని పిలిచారు. జడ్జి గారు, "నువ్వేం పని చేస్తావమ్మా?" అన్నారు. మేం ఏమీ నేర్పలేదు. ఆ పిల్ల చెయ్యి చున్నీలో దాచుకుని, "ఇస్త్రీ చేసేదాన్నండి. ఇప్పుడు వేళ్లు ముడుచుకోవడం లేదు," అంది. అంతే. ఏడవలేదు, చెయ్యి చూపించలేదు. జడ్జి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, విచారణ మధ్యాహ్నానికి వాయిదా వేశారు. ఆ మధ్యాహ్నం అన్నం ఆయనకు సహించి ఉండదు. మా ఎదుటి పక్షం వాళ్లు మాత్రం క్యాంటీన్‌లో తృప్తిగా తిన్నారు.

జడ్జి గారి తీర్పుతో నిబంధన మారింది. డాక్టరు వద్దంటే మూర్ఛ మందు కంపెనీ మార్చకూడదు, ఎవరి వృత్తి ఏదైనా సరే. ఈ రోజు ఈ ఊళ్లో మూర్ఛ ఉన్న ప్రతి మనిషికీ ఒంటికి పట్టిన బిళ్లే దొరుకుతోంది. నా దుకాణం పథకంలోనే ఉంది, కోసిన బిల్లుల్లో కొంత తిరిగొచ్చింది. ఇందాక డైరెక్టరు గారు, పథకం సాధించిన సంస్కరణల్లో మొదటిదిగా చెప్పింది ఈ మార్పునే. "మేము ముందుచూపుతో తెచ్చిన మార్పు" అన్నారు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వింది అందుకేనండీ, మైకు పాడై కాదు.

డాక్టరమ్మ ఈ వేదిక మీద లేదు. క్రమశిక్షణ పేరుతో ఆవిడను జిల్లాకు మరో మూలనున్న చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు. అక్కడ నరాల విభాగమే లేదు. ఆవిడ చేత పుండ్లకు కట్లు కట్టించి రెండేళ్ల తర్వాత ఇంటికి పంపించారు. ఆహ్వానపత్రికలో ఆవిడ పేరు వేయమని నేను అడిగితే, "అది అంత బాగుండదేమో" అన్నారు సంఘం వారు. ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. "నాకు సభలు పడవు. ఆ పిల్ల చెయ్యి ఎలా ఉంది?" అంది. ఎడమ చేత్తో మా దుకాణంలో బిల్లులు రాస్తోందని, నా రాతకన్నా దాని ఎడమచేతి రాతే బాగుందని చెప్పాను. "ఊఁ," అని పెట్టేసింది. నాకు జరగాల్సిన సన్మానం ఆ ఊకారంతో అయిపోయింది. దీనికి మీరు నొచ్చుకోకండి.

(కార్యదర్శి గారు చీటీ అందించారు) సమయం అయిపోయిందట. ఒక్క మాట చెప్పి దిగుతాను.

వచ్చే నెలనుంచి ఇంకో కొత్త నిబంధన వస్తోంది. పేషెంటు స్వయంగా దుకాణానికి వచ్చి వేలిముద్ర వేస్తేనే మందుకు చెల్లింపట. దొంగ బిల్లులు అరికట్టడానికట. మా వీధిలో పక్షవాతంతో మంచం పట్టిన డ్రిల్లు మాస్టారున్నారు. ఆయన భార్య మొన్న వచ్చి అడిగింది, "ఆయన్ని ఎలా తీసుకురావాలమ్మా, మంచంతో సహానా?" అని. నేనేం చెప్పను? డైరెక్టరు గారూ, ఇందాక టీ దగ్గర మీరే అన్నారు, ఇబ్బందులుంటే తర్వాత చూద్దామని. తర్వాత అంటే ఎవరి చెయ్యి కాలాక?



ఇన్నాళ్లూ నేను మీ ఆఫీసుకొచ్చి గొంతు పెంచినప్పుడల్లా నా బిల్లులు దొంతరలో అడుగుకు వెళ్లేవి. నా తోటి దుకాణదారులు నోరు విప్పనిది కూడా అందుకే. వాళ్లకు పిల్లలున్నారు, షాపు అద్దెలున్నాయి. ఇవాళ ఎన్ని హాస్యాలాడినా వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల నోళ్లు కట్టేసి, దానికి సహకారం అని పేరుపెట్టిన వాళ్ల మీదే నా కోపమంతా.

నిన్నటితో నా ఆఖరి బిల్లు తేలిపోయింది. కోసినంత కోసి మిగిలింది ఇచ్చారు. దుకాణం చేతులు మారింది. ఈ పూటనుంచి మీ దగ్గర నాకు రావాల్సింది ఏమీ లేదు, అంటే మీరు ఆపడానికి కూడా ఏమీ లేదు. ముప్పై ఏళ్లలో ఇలాంటి రోజు నాకు ఇదే మొదటిది. సోమవారం మీ ఆఫీసు తెరిచే వేళకు డ్రిల్లు మాస్టారి భార్యను వెంటపెట్టుకుని వస్తాను. మంగళవారం ఇంకొకరిని. మీరు రిటైరయ్యేదాకా నాకు వేరే పని లేదు.

ఓపికగా విన్న మీకు, వినక తప్పని వేదికకు కృతజ్ఞతలు. సెలవు.